చంద్రగిరి 1978: ఆ రెండున్నర వేల ఓట్లు అటు పడి ఉంటే?

1978 ఫిబ్రవరి అసెంబ్లీ ఎన్నికల్లో చంద్రగిరి ఫలితాన్ని హైదరాబాద్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకుని ఉండరు. ఇందిరా కాంగ్రెస్ తరఫున నిలబడ్డ నారా చంద్రబాబు నాయుడికి అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆయనకు 35,092 ఓట్లు, జనతా పార్టీ అభ్యర్థి పట్టాభిరామ చౌదరికి 32,598 ఓట్లు వచ్చాయి. తేడా 2,494.

1,248 మంది హస్తం గుర్తు మీద వేసిన ముద్ర పక్క గుర్తు మీద వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. నియోజకవర్గంలో ఓ వంద పోలింగ్ కేంద్రాలు ఉన్నాయనుకుంటే, ఒక్కో కేంద్రంలో పన్నెండు, పదమూడు మంది. ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం అలిగితే చాలు. ఒక ఊరి పెద్దమనిషి ముందురోజు రాత్రి మాట మారిస్తే చాలు.

దీనికన్నా ఉత్కంఠ రేపిన ఫలితాలు మన దగ్గరే ఉన్నాయి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని కొణతాల రామకృష్ణ తొమ్మిదంటే తొమ్మిది ఓట్లతో గెలిచారు. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో సీపీ జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆయన అప్పుడు ఆ రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, ముఖ్యమంత్రి పదవి రేసులో ఉన్న నాయకుడు. వాటితో పోలిస్తే 2,494 ఓట్ల మెజారిటీ టెన్షన్ పెట్టేదే కాదు. అయినా ఊహా చరిత్ర రాసేవాళ్లు చంద్రగిరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ గెలిచిన మనిషి తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా రాష్ట్ర రాజకీయాల మధ్యలోనే ఉన్నారు. ఆయన అక్కడికి చేరిన దారి కూడా విచిత్రమైనది. మామూలుగా ఎమ్మెల్యే పదవి నుంచి మంత్రి పదవికి, అక్కడి నుంచి పార్టీలో పట్టుకు వెళ్తారు. ఈయన కథలో మధ్యలో ఒక పెళ్లి, ఒక పరాజయం, ఒక పార్టీ మార్పు ఉన్నాయి.

ఇలాంటి ఊహలకు ఒక కట్టుబాటు ఉండాలి. మార్చేది ఒక్క విషయమే. ఇందిరా గాంధీ, ఎన్టీఆర్, మర్రి చెన్నారెడ్డి అందరూ వాళ్లలాగే ఉంటారు. చంద్రగిరి ఓట్ల లెక్క మాత్రమే మారుతుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే అది సినిమా కథ అవుతుంది కానీ విశ్లేషణ కాదు.

టికెట్ ఎలా దొరికింది?

ఓడిపోయే అవకాశం నిజంగా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, కాసు బ్రహ్మానందరెడ్డి లాంటి పెద్ద తలకాయలన్నీ అటువైపు, అంటే జనం ‘రెడ్డి కాంగ్రెస్’ అని పిలిచిన పార్టీలో ఉండిపోయారు. ఆవూ దూడా గుర్తు కూడా అటే పోయింది. ఇందిరా గాంధీ చేతిలో కొత్త గుర్తు, చాలా ఖాళీ టికెట్లు మిగిలాయి. యువతకు 20 శాతం సీట్లు ఇవ్వాలన్న నిర్ణయం అప్పుడే కలిసొచ్చింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో విద్యార్థి రాజకీయాలు నడిపిన నారావారిపల్లె కుర్రాడికి టికెట్ దక్కింది అలాగే. పార్టీ చీలకపోయి ఉంటే ఆ సీటు కోసం సీనియర్లు బారులు తీరి ఉండేవారు.

ఫలితాలు చూస్తే ఇందిరా కాంగ్రెస్‌కు 294లో 175, జనతాకు 60, రెడ్డి కాంగ్రెస్‌కు 30 వచ్చాయి. ఉత్తరాదిన కొట్టుకుపోయిన నాయకురాలికి ఇక్కడ గాలి బలంగా వీచింది. అంత గాలిలోనూ చంద్రగిరిలో తేడా రెండున్నర వేలే. అంటే గాలి కొంచెం తగ్గినా, జనతా అభ్యర్థి ప్రచారం కొంచెం బాగా సాగినా ఓటమి అసహజమేమీ కాదు. ఆ ఏడాది జనతా తరఫున ఉదయగిరిలో వెంకయ్యనాయుడు, కల్వకుర్తిలో జైపాల్‌రెడ్డి గెలిచారు. పులివెందులలో రెడ్డి కాంగ్రెస్ టికెట్ మీద వైఎస్ రాజశేఖరరెడ్డి గెలిచారు. గాలికి ఎదురు నిలిచి గెలిచిన కుర్రాళ్లు ఉన్నప్పుడు, గాలివాటున కూడా ఓడిన కుర్రాడు ఒకడు ఉండొచ్చు.

ఎమ్మెల్యే పదవి కాదు, మంత్రి పదవి

సరే, ఓడిపోయాడనుకుందాం. వెంటనే ఏం మారుతుంది? 1978 నుంచి 1980 దాకా దాదాపు ఏమీ మారదు. చెన్నారెడ్డి ప్రభుత్వానికి బొటాబొటి మెజారిటీ కాదు, ఒక సీటు పోతే లెక్క లేదు. సభలో కొత్త ఎమ్మెల్యేగా చంద్రబాబు అప్పటికింకా గుంపులో ఒకరే.

మలుపు 1980 అక్టోబరులో వస్తుంది. చెన్నారెడ్డిని దించి ఢిల్లీ నుంచి టంగుటూరి అంజయ్యను ముఖ్యమంత్రిగా పంపారు. అందరినీ సంతృప్తి పరచాలన్న తాపత్రయంతో అంజయ్య 61 మందితో మంత్రివర్గం వేశారు. ‘జంబో క్యాబినెట్’ అని పత్రికలు ఎగతాళి చేసింది దాన్నే. మొదటిసారి గెలిచిన 30 ఏళ్ల ఎమ్మెల్యేకు అందులో చోటు దొరికింది. ఆ తర్వాత అధిష్ఠానం మందలించడంతో అంజయ్య చాలామందిని తప్పించాల్సి వచ్చినా ఈయన నిలిచారు. రాజశేఖరరెడ్డి మంత్రి అయిందీ అప్పుడే.

చంద్రబాబు చూసిన శాఖల్లో సినిమాటోగ్రఫీ ఒకటి. మంత్రివర్గాల్లో దానికి పెద్ద విలువ లేదు. రెవెన్యూ, హోం, నీటిపారుదల అంటే మనుషులు గుమ్మం ముందు క్యూ కడతారు. సినిమాటోగ్రఫీ అంటే స్టూడియోల స్థలాలు, రాయితీలు, నిర్మాతల వినతిపత్రాలు. కానీ తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు మెల్లగా తరలివస్తున్న కాలం అది. ఆ శాఖ మంత్రికి సినీ పెద్దలతో పరిచయాలు తప్పనిసరిగా ఏర్పడతాయి. నందమూరి తారక రామారావుతో పరిచయం అలా పెరిగిందని చెబుతారు. 1981 సెప్టెంబరులో ఎన్టీఆర్ కుమార్తె భువనేశ్వరితో ఆయన పెళ్లి జరిగింది.

1978 గెలుపు అసలు విలువ ఇక్కడే ఉంది. గెలుపు లేకపోతే మంత్రి పదవి లేదు. మంత్రి పదవి లేకపోతే చిత్తూరు జిల్లాలో ఓడిపోయిన యువజన కాంగ్రెస్ నాయకుడికి, దేశంలోనే పేరున్న ఒక నటుడి ఇంట్లో సంబంధం ఎందుకు కుదురుతుంది? పెళ్లిళ్లు విధి రాత అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో వాదన లేదు. కానీ రాజకీయంగా చూస్తే ఆ 2,494 ఓట్లు కొనిపెట్టింది అసెంబ్లీ సీటును మాత్రమే కాదు, ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లే అవకాశాన్ని.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. అప్పట్లో రాష్ట్రంలో శాసనమండలి ఉండేది. ఎన్టీఆర్ దాన్ని రద్దు చేసింది 1985లో. అసెంబ్లీకి ఓడిన నాయకుడిని మండలికి పంపి, అక్కడి నుంచి మంత్రిని చేయడం కాంగ్రెస్‌లో కొత్తేమీ కాదు. 61 మందిని మంత్రుల్ని చేసిన అంజయ్యకు 62వ వాడు బరువా? కాదు. కానీ మండలి సీట్లకు పోటీ ఎప్పుడూ తీవ్రంగానే ఉంటుంది. జిల్లాలో కులం, వర్గం, సీనియారిటీ అన్నీ చూసి ఇచ్చే ఆ సీట్లలో, సొంత నియోజకవర్గంలో ఇందిర గాలి ఉన్నా ఓడిపోయిన కుర్రాడి వంతు అంత తొందరగా వచ్చేది కాదు. ఆ దారి మూసుకుపోయిందని అనలేం, సన్నగా ఉందని మాత్రం అనొచ్చు.

తెలుగుదేశం ఆగేదా?

ఆగేది కాదు. ఈ విషయంలో అనుమానం అక్కర్లేదు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను అందరి ముందూ కసిరిన ఘటనకు చంద్రగిరితో సంబంధం లేదు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ తీరుకూ సంబంధం లేదు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. తొమ్మిది నెలలు చైతన్యరథం మీద తిరిగి 200కు పైగా సీట్లతో 1983 జనవరి 9న ప్రమాణస్వీకారం చేశారు. అల్లుడు ఈ పనిలో పాలుపంచుకోలేదు. పైగా ఎదురుగా ఉన్నారు. కాంగ్రెస్ మంత్రిగా చంద్రగిరిలో మళ్లీ పోటీ చేసి, తెలుగుదేశం అభ్యర్థి మేడసాని వెంకట్రామనాయుడి చేతిలో 17 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఈ ఓటమి ఊహా చరిత్రకు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. 1978లో గెలిచినా 1983లో ఎలాగూ ఓడారు. మరి తేడా ఏముంది? 1983లో ఓడిన వ్యక్తి ఎవరు అన్నదే తేడా. అసలు చరిత్రలో ఓడింది మాజీ మంత్రి, ముఖ్యమంత్రి అల్లుడు. ఓడిన కొద్దికాలానికే అధికార పార్టీలోకి రాగలిగారు. లోపల గొణుగుడు ఉన్నా ఆపగలిగినవాళ్లు లేరు. ఊహా చరిత్రలో 1983లో ఓడేది రెండుసార్లు ఓడిన ఒక 32 ఏళ్ల కాంగ్రెస్ కార్యకర్త. బహుశా అతనికి టికెట్టే ఇవ్వరు. అలాంటి మనిషి తెలుగుదేశంలో చేరదామని వస్తే జిల్లా స్థాయిలో కండువా కప్పి పంపించేవారు.

ఒక రకంగా 1983 పరాజయం కూడా ఆయనకు ఉపయోగపడింది. కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచి ఉంటే ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వచ్చేది. పార్టీ మారడం అంత తేలికగా ఉండేది కాదు. 1984 ఆగస్టు నాటికి ఆయన ఎక్కడుండేవారో చెప్పలేం.

1984 ఆగస్టులో ఏం జరిగిందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ను 16న గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. ఎమ్మెల్యేలను నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో ఉంచడం, రైల్లో ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టడం, ఆపైన హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకకు తరలించడం, ఈ నెల రోజుల పనిలో చంద్రబాబు పాత్ర పెద్దది. ఎవరికి ఇంటి దగ్గర ఏ ఇబ్బంది ఉంది, ఎవరు ఊగిసలాడుతున్నారు, ఎవరితో ఎవరు మాట్లాడితే వింటారు అన్న లెక్క ఆ క్యాంపులోనే తయారైంది.

ఆయన లేకపోయినా ఎన్టీఆర్ తిరిగి వచ్చేవారా? వచ్చేవారనే అనిపిస్తుంది. వీధుల్లో జనాగ్రహం ఉంది, జాతీయ ప్రతిపక్షమంతా వెంట ఉంది, ఎమ్మెల్యేల్లో మెజారిటీ కూడా ఎన్టీఆర్ వైపే ఉంది. వెంకయ్యనాయుడి లాంటి ఇతర పార్టీల నేతలు పగలూ రాత్రీ పనిచేశారు. సెప్టెంబరు 16న కాకపోతే ఇంకో వారానికి నాదెండ్ల దిగిపోయేవారు. ఫలితం మారదు కానీ పార్టీ ఎమ్మెల్యేల గుట్టుమట్లన్నీ తెలిసిన మనిషి మారిపోతాడు. ఆ స్థానం మరో అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావుకో, పర్వతనేని ఉపేంద్రకో దక్కేది.

1995, మద్రాసు నేర్పిన పాఠం

ఇక్కడి నుంచి ఊహా చరిత్ర అసలు చరిత్రకు బాగా దూరమవుతుంది. 1994 డిసెంబరులో తెలుగుదేశం ఒంటరిగానే 216 సీట్లు గెలిచింది. కాంగ్రెస్ 26కు పడిపోయింది. చంద్రబాబు ఆర్థిక, రెవెన్యూ మంత్రి. తొమ్మిది నెలలు తిరక్కుండానే, లక్ష్మీపార్వతి జోక్యం మీద మొదలైన అసంతృప్తి తిరుగుబాటుగా మారింది. ట్యాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ హోటల్‌లో ఎమ్మెల్యేలు చేరారు. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. అది వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అన్న వాదన ముప్పై ఏళ్లుగా తెగలేదు, ఇక్కడ తేల్చాల్సిన అవసరం కూడా లేదు.

చంద్రబాబు లేకపోతే ఎన్టీఆర్ నిశ్చింతగా ఐదేళ్లు పాలించేవారని కొందరు అంటారు. ఇది మరీ తేలికగా వేసిన లెక్క. అసంతృప్తి ఒక్క అల్లుడిది కాదు. మరో అల్లుడు దగ్గుబాటి, కొడుకు హరికృష్ణ మొదట అటువైపే ఉన్నారు. సగానికి పైగా ఎమ్మెల్యేలను ఒకే చోట కూర్చోబెట్టగల మనిషి లేకపోయినా ఆ కోపం ఎక్కడికీ పోదు. విడివిడిగా, ముఠాలుగా బయటపడుతుంది. అన్నిటికీ మించి, 1996 జనవరి 18న ఎన్టీఆర్ మరణం ఉంది. పదవి పోయిన వేదనే ఆయన ప్రాణం తీసిందనేవాళ్లు ఆ తేదీని కూడా మారుస్తారు. కానీ అప్పటికే గుండె జబ్బున్న 72 ఏళ్ల మనిషి ఆయుష్షును ఊహల్లో పొడిగించడం ధైర్యమే తప్ప విశ్లేషణ కాదు.

కాబట్టి ఊహా చరిత్రలో కనిపించే దృశ్యం ఇది: ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగానే కన్నుమూస్తారు, వారసత్వం తేలి ఉండదు. దీనికి పక్క రాష్ట్రంలోనే నమూనా ఉంది. 1987 డిసెంబరులో ఎంజీఆర్ పదవిలో ఉండగా చనిపోయారు. భార్య జానకి వర్గం, జయలలిత వర్గం అని అన్నాడీఎంకే చీలింది. జానకి ప్రభుత్వం నెల కూడా నిలవలేదు. 1989 ఎన్నికల్లో రెండు ముక్కలూ ఓడి డీఎంకే గెలిచింది.

హైదరాబాద్‌లో అదే జరిగేదని చెప్పడానికి ఒక చిన్న ఆధారం అసలు చరిత్రలోనే దొరుకుతుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో లక్ష్మీపార్వతి నడిపిన ఎన్టీఆర్ తెలుగుదేశం పది శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుంది, సీటు మాత్రం ఒక్కటీ రాలేదు. ప్రభుత్వం, పార్టీ, సైకిల్ గుర్తు అన్నీ చంద్రబాబు చేతిలో ఉన్నప్పుడే ఆమెకు అన్ని ఓట్లు పడ్డాయి. అవి చేతిలో లేని బలహీనమైన ప్రత్యర్థులు ఎదురుగా ఉంటే పార్టీ రెండుగానో మూడుగానో చీలేది. ఆ ఏడాది కాంగ్రెస్‌కు 22, తెలుగుదేశానికి 16 లోక్‌సభ సీట్లు వచ్చాయి. చీలిన పార్టీకి 16 వచ్చేవి కావు. కాంగ్రెస్ 2004 దాకా ఆగాల్సిన అవసరం లేకుండా, 1990ల చివర్లోనే అధికారానికి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

ఢిల్లీలోనూ తేడా వచ్చేది. యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్‌గా ఇంకెవరో ఉండేవారు. దేవెగౌడ ఎలాగూ ప్రధాని అయ్యేవారేమో కానీ, 1998లో వాజ్‌పేయికి బయటి నుంచి దన్నుగా నిలిచిన తెలుగుదేశం ఎంపీల గుంపు ఉండేది కాదు. హైదరాబాద్ ఐటీ గురించి రెండు ముక్కలే. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్న ఊరికి సాఫ్ట్‌వేర్ ఎలాగూ వచ్చేది. 1998లోనే సైబర్ టవర్స్, మైక్రోసాఫ్ట్ వచ్చేవా, బెంగళూరు, చెన్నై నిండాక తీరిగ్గా వచ్చేవా అన్నదే ప్రశ్న.

ఎదురుగా ఎవరూ లేని వైఎస్

ఈ ఊహలో అందరూ మర్చిపోయేది రాజశేఖరరెడ్డిని. ఆయనకూ ఒక చిన్న మెజారిటీ కథ ఉంది. 1991లో కడప లోక్‌సభను నాలుగు లక్షలకు పైగా ఓట్లతో గెలిచిన మనిషి, 1996లో అదే సీటును కేవలం 5,445 ఓట్లతో నిలుపుకున్నారు. అప్పుడు ఓడి ఉంటే ఏమయ్యేది? పెద్దగా ఏమీ కాదు. పులివెందుల ఉంది, జిల్లా ఉంది, సొంత మనుషులున్నారు. రెండేళ్లలో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఒకే రకం స్వల్ప మెజారిటీ ఒకరికి ప్రాణవాయువు, ఇంకొకరికి చిన్న చికాకు కావడానికి కారణం అప్పటికి వాళ్ల కాళ్ల కింద ఎంత నేల ఉందన్నదే. 1978లో చంద్రబాబు కాళ్ల కింద నేల చాలా తక్కువ.

అయితే 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన పాదయాత్రకు ఎదురుగా దాదాపు ఎనిమిదేళ్లుగా కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రి ఒకరు కావాలి. ఉచిత విద్యుత్ హామీకి విద్యుత్ చార్జీలు పెంచిన ప్రభుత్వం ఒకటి కావాలి. కాంగ్రెస్ ముందే అధికారంలోకి వస్తే ముఖ్యమంత్రి కుర్చీ కోసం పోటీ పార్టీ లోపలే జరిగేది. అక్కడ నిర్ణయం ఢిల్లీది. వైఎస్‌కు ఆ పోటీలో గెలుపు ఖాయమని చెప్పలేం.

ఆ ఊహా కాంగ్రెస్‌లో చంద్రబాబు కూడా ఉండేవారు. చంద్రగిరిలో 1989లో కాంగ్రెస్ టికెట్ మీద గల్లా అరుణకుమారి గెలిచారు. ఆ టికెట్ కోసం పోటీపడి, దక్కితే గెలిచి, చెన్నారెడ్డి మంత్రివర్గంలోనో నేదురుమల్లి మంత్రివర్గంలోనో సహాయ మంత్రి అయి, చిత్తూరు జిల్లా రాజకీయాల్లో ఒక వర్గానికి నాయకుడిగా ఉండేవారు. కష్టపడే తత్వం, మనుషుల లెక్కలు గుర్తుపెట్టుకునే తత్వం ఎక్కడున్నా పనికొస్తాయి. కానీ ఢిల్లీ నుంచి కవర్లో పేరు వచ్చే పార్టీలో వాటి విలువ తక్కువ.

చివరగా తెలంగాణ. చంద్రబాబు ముఖ్యమంత్రి కాకపోతే, 1999 తర్వాత మంత్రి పదవి దక్కని కేసీఆర్ అలిగి బయటికొచ్చే సందర్భమే ఉండదు కనుక, 2001లో టీఆర్ఎస్ పుట్టేది కాదని ఒక వాదన తరచూ వినిపిస్తుంది. గొలుసును ఇంత దూరం లాగితే తెగిపోతుంది. 1969 ఉద్యమం, ముల్కీ తీర్పు, నీళ్లు, నియామకాల ఫిర్యాదులు చంద్రగిరి కన్నా పాతవి. వ్యక్తి ఎవరన్నదే కావాలనుకుంటే, 1983లో తెలుగుదేశం తరఫున మొదటిసారి పోటీ చేసిన కేసీఆర్ వెయ్యి లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు, రెండేళ్లకే గెలిచి వచ్చారు. కాబట్టి తెలంగాణ ఊహా చరిత్ర రాయదలిచినవాళ్లు లెక్క సిద్దిపేట నుంచి మొదలుపెట్టాలి, చంద్రగిరి నుంచి కాదు.